అభయమిచ్చిన రేవు – మోటుపల్లి

మన సంఘం ప్రత్యేక సంచికలలో సభ్యులు ఎక్కువగా తమ యాత్రల గురించి రాస్తుంటారు. కాశీ, రామేశ్వరం, బదరీనాథ్ వెళ్లి వచ్చినవారి వ్యాసాలు మనమంతా ఆసక్తితో చదువుతాం. ఉద్యోగంలో ఉన్నంతకాలం సెలవు దొరక్క చూడలేనివి విరమణ తరువాత చూడాలనుకోవడం సహజమే. అయితే దూరాన ఉన్నవాటిని చూసే ఆత్రంలో ముంగిట ఉన్నవాటిని మరచిపోతుంటాం. గుంటూరు నుంచి తెల్లవారుజామున బయలుదేరితే రాత్రి భోజనాల వేళకు ఇల్లు చేరగల దూరంలో, ఒకప్పుడు చైనా నుంచి, అరబ్బు దేశాల నుంచి వర్తకులు వెతుక్కుంటూ వచ్చిన ఓడరేవు ఒకటి ఉంది. దాని పేరు మోటుపల్లి. మనవలను వెంటబెట్టుకుని కాలినడకన ఒక్కరోజులో చూసి రాదగిన ఆ ఊరి చరిత్రను నాకు తెలిసినంతలో సభ్యుల ముందు ఉంచుతున్నాను.

ఊరి ఉనికి

మోటుపల్లి చినగంజాం మండలంలో, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న చిన్న గ్రామం. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడిన తరువాత చాలాకాలం అది ఆ జిల్లాలోని బాపట్ల తాలూకాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడడంతో ఇప్పుడు ఆ జిల్లాలో ఉంది. మన సభ్యులలో రెవెన్యూ శాఖలో పనిచేసినవారికి ఈ మార్పులన్నీ కంఠోపాఠమే. పాత రికార్డులు చూసేవారు మాత్రం మోటుపల్లి కోసం గుంటూరు జిల్లా కాగితాలు కూడా వెతకవలసి ఉంటుంది.

శాసనాలలో ఈ ఊరికి మరికొన్ని పేర్లున్నాయి. కాకతీయుల కాలంలో దీనికి దేశి ఉయ్యకొండ పట్టణమనే పేరు కూడా ఉండేది. సంస్కృతంలో ముకుళపురం అన్నారు. వెనిస్ నగరవాసి మార్కో పోలో తన గ్రంథంలో ముత్ఫిలి అని రాసుకున్నాడు. ఒక ఊరికి ఇన్ని పేర్లున్నాయంటే అక్కడ ఎన్ని భాషలవారు తిరిగి ఉంటారో ఊహించుకోవచ్చు.

గోడలు లేని రేవు

రేవు అనగానే మనకు విశాఖపట్నం గుర్తుకు వస్తుంది. కొండ అడ్డు, లోతైన నీరు, పెద్ద పెద్ద క్రేన్లు, బారులు తీరిన గోదాములు. మోటుపల్లిలో అటువంటివేవీ ఎన్నడూ లేవు. కృష్ణ ముఖద్వారాలకు దక్షిణాన మన తీరమంతా ఇసుక తిన్నెలే. గాలికి అడ్డు నిలిచే కొండ గాని, ఓడలు తలదాచుకునే లోతైన అఖాతం గాని లేదు. పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసుకునేవి. ఒడ్డు నుంచి పడవలు వెళ్లి సరుకు దించుకుని వచ్చేవి. కోరమండల్ తీరంలో వాడిన ఈ పడవల పలకలను మేకులతో బిగించేవారు కాదు, కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. అల వచ్చి కొట్టినప్పుడు బిగుసుకుని ఉన్న పలక పగులుతుంది, కుట్టిన పలక కొంచెం సర్దుకుని నిలుస్తుంది. ఆనాటి వడ్రంగుల తెలివి అటువంటిది.

మేము క్రిందటి శీతాకాలంలో కుటుంబంతో వెళ్లినప్పుడు మా మనవడు అడిగిన మొదటి ప్రశ్న కూడా ఇదే. ఊరు చూసుకుంటూ సముద్రపు ఒడ్డుకు నడిచాం. ఎటు చూసినా ఇసుక, వలలు, ఒడ్డుకు లాగిన పడవలు. వాడు నిలబడి, "తాతయ్యా, ఓడరేవు ఏదీ? ఇక్కడ ఏమీ లేదుగా!" అన్నాడు. వాళ్ల నాయనమ్మ నవ్వి, "మీ తాతయ్య లేని వాటినే చూపిస్తారురా" అన్నది. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన ఆ మాట విని పలకరించాడు. పూర్వం ఇక్కడికి ఓడలు వచ్చేవని తన తాతలు చెప్పేవారన్నాడు. "ఈ కాడ దిగడం అంత తేలిక కాదు బాబయ్యా. గాలి తిరిగిందంటే ఒడ్డు కళ్ల ముందు కనపడతానే ఉంటది, రానియ్యదు" అన్నాడు.

ఆయన చెప్పిన ఆ ఒక్క మాటలో మోటుపల్లి చరిత్ర అంతా ఉందని నాకు తోచింది. సహజమైన రక్షణ లేని తీరం, తుపానుల సముద్రం. మరి వర్తకులు ఇంత ప్రమాదానికి ఓర్చి ఇక్కడికే ఎందుకు వచ్చారు? ఆ ప్రశ్నకు సమాధానం ఊళ్లోని వీరభద్రస్వామి ఆలయం దగ్గరి రాతి స్తంభం మీద ఉంది.

గణపతిదేవుని అభయ శాసనం

కాకతీయ గణపతిదేవుడు 1199 నుంచి 1262 వరకు ఓరుగల్లు నుంచి పాలించాడు. ఓరుగల్లు సముద్రానికి ఎంతో దూరాన ఉన్న రాజధాని. తూర్పు తీరం చేతికి వస్తే తప్ప విదేశీ వ్యాపారం చేతికి రాదని ఆయన గ్రహించాడు. రాజ్యానికి వచ్చిన కొద్దికాలానికే వెలనాడును, దివిసీమను లోబరచుకున్నాడు. దివిసీమ అయ్య వంశం వారితో వియ్యమంది, ఆ ఇంటి ఆడపడుచులు నారమ్మ, పేరమ్మలను వివాహమాడాడు. వారి సోదరుడు జాయపను తన సేనానిగా చేసుకున్నాడు. నృత్తరత్నావళి రాసిన జాయపసేనాని ఈయనే. గుంటూరుకు దగ్గరలోని చేబ్రోలులో ఆయన శాసనం ఉంది.

ఆ తరువాత శక సంవత్సరం 1166, క్రోధి నామ సంవత్సరంలో, అంటే 1244–45లో గణపతిదేవుడు మోటుపల్లిలో ఒక శాసనం వేయించాడు. హుల్ట్జ్ అనే జర్మన్ పండితుడు దీనిని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో ప్రకటించాడు. మన తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి కదా. 2024లో వచ్చిన క్రోధి నాటికి ఆ శాసనానికి సరిగ్గా పదమూడు అరవైలు, అంటే 780 ఏళ్లు నిండాయి. షష్టిపూర్తి జరుపుకున్న మనకు ఆ లెక్క బాగా బోధపడుతుంది.

శాసన సారాంశం ఇది. ద్వీపాంతరాల నుంచి, పరదేశాల నుంచి వచ్చిపోయే ఓడ వర్తకులందరికీ రాజు అభయమిస్తున్నాడు. పూర్వపు రాజులు, తుపానుకు చిక్కి పగిలి తమ తీరానికి కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారాన్ని, ఏనుగులను, గుర్రాలను, రత్నాలను, సమస్త సరుకులను బలవంతంగా లాగుకునేవారు. ధనం ప్రాణం కంటె విలువైనదని తలచి సముద్రయానమనే మహాసాహసానికి పూనుకున్నవారి మీద దయతోను, కీర్తి కోసం, ధర్మం కోసం, ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని రాజు ప్రకటిస్తున్నాడు.

ఈ మాట ఎంత పెద్దదో గ్రహించాలంటే వర్తకుని స్థానంలో నిలబడి చూడాలి. తుపానులో ఓడ పగిలితే మొదట సముద్రం దోచుకునేది, ప్రాణాలతో ఒడ్డున పడితే అక్కడ రాజు దోచుకునేవాడు. ఇది ఒక్క మన దేశపు అలవాటు కాదు, ప్రపంచమంతటా ఉన్నదే. ఇంగ్లండులో 1275లో వచ్చిన వెస్ట్‌మినిస్టర్ చట్టం ప్రకారం, పగిలిన ఓడ నుంచి ఒక మనిషి గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణంతో బయటపడితే ఆ సరుకును దిక్కులేనిదిగా పరిగణించరాదు. అప్పటిదాకా జరిగిన దోపిడీకి అది ఒక హద్దు. మన మోటుపల్లి శాసనం దానికంటె ముప్పై ఏళ్లు ముందుది. మలబారు తీరంలోని ఏలి రాజ్యంలో, దారి తప్పి వచ్చిన ఓడలను అక్కడివారు పట్టుకుని సరుకంతా తీసుకుంటారని మార్కో పోలో రాశాడు. అటువంటి కాలంలో ఒక రాజు తన చేతులను తానే కట్టుకుని ఆ సంగతి రాతి మీద చెక్కించాడు.

ఊరికే సుంకం తీసుకుంటామని చెప్పి వదలలేదు. ఎంత తీసుకుంటారో కూడా చెక్కించారు. ఎగుమతులకు, దిగుమతులకు నిర్ణయించిన సుంకం ముప్పయ్యింట ఒక వంతు. అంటే నూరు వరహాల సరుకు మీద మూడు వరహాల పైచిల్లర. సరుకుల వివరాలు విడివిడిగా ఉన్నాయి. చందనం, దేశీ కర్పూరం, చీనీ కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవాది, రాగి, సీసం, పట్టు, పగడాలు, సుగంధ ద్రవ్యాలు, మిరియాలు, పోకలు. ఏ సరుకు మీద ఎంత అన్నది పలకతో సహా తెలిసిపోతుంటే, మధ్యలో ఉన్న అధికారి ఇష్టం వచ్చినట్లు అడగడానికి వీలుండదు.

ఈ పట్టికను చూస్తున్నప్పుడు మా కోడలు ఒక మంచి ప్రశ్న వేసింది. "మామయ్యగారూ, మిరియాలు ఉన్నాయి సరే, మన మిరపకాయలు లేవేం?" అన్నది. ఉండవు. మిరప అమెరికా ఖండానికి చెందిన మొక్క. వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరిన తరువాతనే పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి వచ్చింది. గణపతిదేవుని కాలంలో కారానికి మిరియమే దిక్కు. ఈనాడు గుంటూరు పేరు చెబితే గుర్తుకు వచ్చే సరుకు కూడా ఒకనాడు సముద్రం మీద నుంచి వచ్చినదే.

మార్కో పోలో చూసిన ముత్ఫిలి

గణపతిదేవుని తరువాత ఆయన కుమార్తె రుద్రమదేవి రాజ్యం చేసింది. నల్లగొండ ప్రాంతంలోని చందుపట్ల శాసనాన్ని బట్టి ఆమె 1289 నవంబరులో మరణించిందని చరిత్రకారులు నిర్ణయించారు. దాదాపు ఆ కాలంలోనే చైనా నుంచి స్వదేశానికి తిరిగి వెళుతూ మార్కో పోలో మన తీరం గురించి తెలుసుకున్నాడు. ఆయన 1298లో జెనోవా చెరసాలలో ఉండి, తోటి ఖైదీ రుస్తికెల్లోకు చెప్పి రాయించిన గ్రంథంలో ముత్ఫిలికి ఒక అధ్యాయం ఉంది.

ఆ రాజ్యాన్ని వివేకవతి అయిన రాణి న్యాయంగా పాలిస్తున్నదని, ప్రజలకు ఆమె అంటే ఎంతో ప్రేమ అని ఆయన చెప్పాడు. ఆమె మరణించిన రాజుకు భార్య అని పొరబడ్డాడు గాని, ఆమె గణపతిదేవుని కుమార్తె అని మనకు శాసనాలు చెబుతున్నాయి. ఇక్కడి నూలు వస్త్రాలు సాలెగూడు దారాలంత సన్ననివని, వాటిని ధరించడానికి ఏ రాజైనా, రాణి అయినా సంతోషిస్తారని మెచ్చుకున్నాడు. వజ్రాల గురించి మాత్రం ఒక వింత కథ చెప్పాడు. పాములున్న లోయల్లోకి మాంసపు ముక్కలు విసిరితే వజ్రాలు వాటికి అతుక్కుంటాయని, గద్దలు ఆ ముక్కలను పైకి తెస్తే మనుషులు వాటిని తరిమి వజ్రాలు ఏరుకుంటారని. కథ కల్పితమే కావచ్చు, వజ్రాలు మాత్రం నిజం. కృష్ణ ఒడ్డున పల్నాటి కొల్లూరు వజ్రాల గనులు తరువాతి శతాబ్దాలలో ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. ఆ చోటు ఇప్పుడు పులిచింతల జలాశయంలో మునిగి ఉంది.

మార్కో పోలో స్వయంగా మోటుపల్లిలో దిగాడా, లేక నావికుల నోట విన్నాడా అన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఏదైనా మన ఇసుక రేవు పేరు వెనిస్ దాకా వెళ్లింది.

రెండవసారి ఇచ్చిన మాట

రాజు మారితే మాట నిలుస్తుందా? పింఛనుదారులమైన మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1323లో కాకతీయ రాజ్యం పడిపోయింది. తీరంలో కొంతకాలం అస్తవ్యస్త పరిస్థితి నెలకొన్నది. అద్దంకి రాజధానిగా ప్రోలయ వేమారెడ్డి రాజ్యం స్థాపించిన తరువాత మోటుపల్లి రెడ్డి రాజుల వశమైంది. ఆయన కుమారుడు అనపోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. అనపోతారెడ్డి శక 1280, విళంబి నామ సంవత్సరంలో, అంటే 1358లో మోటుపల్లిలో మరో శాసనం వేయించాడు. గణపతిదేవుని మాటకు అప్పటికి 114 ఏళ్లు.

కొత్త రాజు పాత హామీని మళ్లీ ఇచ్చాడు, దానికి మరికొన్ని చేర్చాడు. మోటుపల్లికి వచ్చి కాపురముండే వర్తకులకు భూమి, ఇల్లు ఇస్తారు. వారు ఎప్పుడు వెళ్లిపోదలచినా వెళ్లవచ్చు, ఎవరూ నిర్బంధించరు. తెచ్చిన సరుకును తమకు నచ్చినవారికి అమ్ముకోవచ్చు. సంతానం లేకుండా మరణించినవారి ఆస్తిని లాగుకునే అపుత్రిక పన్నును రద్దు చేశారు. బంగారం మీద సుంకం తీసివేశారు. చందనం మీది సుంకంలో మూడవ వంతు తగ్గించారు. ఈ ఉత్తర్వును తెలుగుతో పాటు తమిళంలో కూడా చెక్కించారు. ఎవరికి చెప్పవలసిన మాటను వారికి అర్థమయ్యే భాషలో చెప్పడం పరిపాలనలో మొదటి పాఠం అని, కార్యాలయాలలో జీవితమంతా గడిపిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

రెడ్డి రాజుల కాలపు వ్యాపార వైభవానికి సాహిత్యంలోను సాక్ష్యముంది. శ్రీనాథుడు తన హరవిలాసాన్ని అవచి తిప్పయసెట్టి అనే వర్తకునికి అంకితమిచ్చాడు. కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన కుటుంబం వారిది. సింహళం నుంచి ఏనుగులను, హొర్ముజు నుంచి గుర్రాలను, చీనా నుంచి పట్టును తెప్పించేవారని కవి వర్ణించాడు. రాజుకు కాక ఒక వర్తకునికి కావ్యం అంకితమైందంటే ఆ వర్తకుల స్థాయి ఎటువంటిదో ఆలోచించండి.

ఇక్కడ ఒక పోలిక చెప్పకుండా ఉండలేను. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇస్తూ, పింఛను యజమాని దయతో ఇచ్చే దానం కాదని, ఉద్యోగి హక్కు అని స్పష్టం చేసింది. అందుకే ఆ తేదీని మనం పింఛనుదారుల దినంగా జరుపుకుంటున్నాం. అంతకు ముందు కూడా పింఛను వచ్చేది. కాని ఇంత ఇస్తాం, ఇందువల్ల ఇస్తాం, దీనిని కాదనలేం అని రాతపూర్వకంగా ఉన్నప్పుడు మనిషి నిద్రపోయే తీరు వేరు. మోటుపల్లి వర్తకుడికి ఆ స్తంభం ఇచ్చిన ధైర్యం అటువంటిదే. రేవును ఆ ధైర్యమే నిలిపింది. మన తీరంలో ఇటువంటి ఇసుక రేవులు మరికొన్ని ఉన్నా, ఓడలు మోటుపల్లికి రావడానికి అదొక పెద్ద కారణం.

రేవు ఎలా వెనుకబడింది?

పదిహేనవ శతాబ్దం మొదటి పాతికేళ్లలో కొండవీటి రెడ్డి రాజ్యం అంతరించింది. ఆ తరువాత కొండవీటి సీమ కోసం విజయనగర రాజులు, ఒరిస్సా గజపతులు పోరాడారు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీటి దుర్గాన్ని పట్టుకున్నాడు. మరికొన్ని దశాబ్దాలకు ఆ సీమ గోల్కొండ సుల్తానుల చేతికి పోయింది. గోల్కొండకు మచిలీపట్నం ముఖ్యమైన రేవు అయింది. వర్తకం రాజధాని వెంట పోతుంది. మోటుపల్లికి అండగా నిలిచిన ఓరుగల్లు, కొండవీడు రెండూ లేకుండా పోయాయి. ఇంక ఎవరూ ఆ స్తంభం పక్కన మూడవ స్తంభం నిలబెట్టి పాత మాటను కొత్తగా చెప్పలేదు.

తీరం వెంట ఉత్తరంగా పోతే రేపల్లె దిక్కున నిజాంపట్నం ఉంది. ఐరోపావారు దీనిని పక్కనున్న పెద్దపల్లి పేరు మీదుగా పెటపోలి అన్నారు. డచ్చివారు 1606లో ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. 1611 ఆగస్టులో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ ఇక్కడికి వచ్చి, తన వర్తకులను దించి మచిలీపట్నానికి సాగింది. తూర్పు తీరంలో ఆంగ్లేయుల వర్తకం మొదలైంది మన గుంటూరు సీమ ఒడ్డునే. ఆ ఓడలో వచ్చిన పీటర్ ఫ్లోరిస్ దినచర్య రాసుకున్నాడు. స్థానికాధికారులతో సుంకాల గురించి, రావలసిన బాకీల గురించి తగాదాలు అందులో కనిపిస్తాయి. మోటుపల్లిలో రాతి మీద ఉన్న స్పష్టత అక్కడ కరువైందన్న మాట.

వారు వచ్చింది మన బట్ట కోసం. నిజాంపట్నం పరిసరాల ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు నుంచి తీసిన ఎర్ర రంగుకు ఎంతో గిరాకీ ఉండేది. ఆ నేత ఇప్పటికీ చీరాల, వేటపాలెం మగ్గాల మీద బ్రతికి ఉంది. చీరాల తేలియా రుమాళ్లు ఇరవయ్యో శతాబ్దంలో కూడా అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. ఇక మన నల్లరేగడి పత్తి సంగతి చూడండి. 1861–65 అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో లాంకషైర్ మిల్లులకు పత్తి కరువై మన పత్తికి ధర పెరిగింది. గుంటూరు ప్రాంతపు పత్తి కాకినాడ రేవు నుంచి ఎగుమతై, కొకనాడా పత్తి అనే పేరుతో చలామణి అయింది. పండించిన ఊరి పేరు మరుగునపడి, ఓడ ఎక్కించిన ఊరి పేరు నిలిచింది. రేవు లేని సీమకు జరిగే నష్టం అది.

సముద్రం మారలేదు

ఈ తీరానికి తుపానుల బెడద ఈనాటికీ ఉన్నదే. 1977 నవంబరు 19 ఉప్పెనను మనలో ఎవరూ మరచిపోలేరు. దివిసీమతో పాటు రేపల్లె, బాపట్ల ప్రాంతాలు కూడా దెబ్బతిన్నాయి. రెవెన్యూ, వైద్య, విద్యుత్, ప్రజాపనుల శాఖల్లో పనిచేసిన మన సభ్యులు ఎందరో ఆ రోజుల్లో నిద్రాహారాలు మాని సహాయ కార్యక్రమాల్లో పాల్గొన్నారు. ఇటీవల 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గణపతిదేవుని శాసనంలో చెప్పిన గాలి ఇదే గాలి. అప్పుడు హెచ్చరికలు లేవు, ఓడకు దిక్కు లేదు. ఒడ్డున ఉన్న రాజు దోచుకోకుండా ఉండడమే సముద్రంలో చిక్కినవాడికి దొరికే సహాయం.

ఒక రోజు నడక

వెళ్లదలచిన సభ్యుల సౌకర్యం కోసం కొన్ని సూచనలు. గుంటూరు నుంచి తెనాలి మీదుగా రైలులో వెళ్లవచ్చు. చీరాల, వేటపాలెం దాటిన తరువాత కడవకుదురు, చినగంజాం స్టేషన్లు వస్తాయి. చినగంజాంలో ఆగే బండి చూసుకుని దిగి, అక్కడ నుంచి ఆటో మాట్లాడుకోవడం సుఖం. వృద్ధులకు రైలు ఛార్జీలలో ఉన్న రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు. అయినా ప్యాసింజరు బండి టిక్కెట్టు మన పింఛనుకు భారమేమీ కాదు. దారిలో చినగంజాం ఉప్పు మళ్లు పిల్లలకు చూపించండి. ఈ ప్రాంతంలోనే, పెదగంజాం దగ్గర, కృష్ణా డెల్టా నుంచి వచ్చే కొమ్మమూరు కాలువ బకింగ్‌హామ్ కాలువను కలుస్తుంది. ఒకప్పుడు ఇక్కడి నుంచి మద్రాసు దాకా పడవలు బియ్యం, ఉప్పు, సరుగుడు కట్టెలు మోసేవి.

మోటుపల్లిలో ఎండెక్కక ముందే గుడి దగ్గర శాసన స్తంభం చూడాలి. అక్షరాలు పాత లిపిలో ఉంటాయి కనుక చదవడం కష్టం. అందుకే శాసన సారాంశాన్ని ఒక కాగితం మీద రాసుకుని వెళ్లి అక్కడ పిల్లల చేత చదివించండి. తరువాత ఊరు చూసుకుంటూ సముద్రపు ఒడ్డుకు నడవండి. మోకాళ్ల నొప్పులున్నవారు ఒడ్డున తడి ఇసుక మీద నడిస్తే పొడి ఇసుకలో కంటె తేలికగా ఉంటుంది. టోపీ గాని గొడుగు గాని, మంచినీళ్లు, వేళకు వేసుకోవలసిన మందులు మరువవద్దు. నీళ్లలో లోపలికి దిగవద్దు, పిల్లలను దిగనివ్వవద్దు. ఈ తీరంలో అలల ఈడ్పు ఎక్కువ. మధ్యాహ్నం తిరిగి వస్తూ వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయం చూడవచ్చు. 1929లో గాంధీజీ సందర్శించిన చోటు అది. సాయంత్రానికి ఓపిక ఉన్నవారు చీరాల నుంచి ఓడరేవు గ్రామానికి వెళితే చేపల పడవలు కనిపిస్తాయి. సంక్రాంతి తరువాత, శివరాత్రి లోపల వెళ్లడం మంచిది. అప్పుడు తుపానుల భయం ఉండదు, ఎండా ముదరదు.

ఒక మనవి

శాసనాలున్న రాళ్ల మీద సున్నం గాని, రంగులు గాని పూయకుండా చూడడం, వాటి మీద పేర్లు గీకేవారిని వారించడం మన బాధ్యత. ఒక అక్షరం చెరిగిపోతే దానిని మళ్లీ చెక్కించడానికి ఆ రాజు రాడు. మన సభ్యులలో ఉపాధ్యాయులుగా పనిచేసినవారు ఎందరో ఉన్నారు. వారు పూనుకుని శాసన సారాంశాన్ని సులభమైన తెలుగులో ఒక్క పుటకు కుదించి రాసి ఇస్తే, సంఘం తరఫున అచ్చు వేయించి చుట్టుపక్కల పాఠశాలలకు పంచవచ్చు. పురావస్తు శాఖ అనుమతి పొందితే అదే సారాంశాన్ని గుడి దగ్గర ఒక బోర్డు మీద రాయించవచ్చు.

పాఠ్యపుస్తకంలో మోటుపల్లి అభయ శాసనం అని ఒక్క వాక్యం ఉంటుంది. పరీక్షలో ఒక మార్కు వస్తుంది, పిల్లలు మరచిపోతారు. ఆ స్తంభం ముందు నిలబడి, బలమున్నవాడు బలహీనుడి సొమ్ము ముట్టనని ఇక్కడ రాసి ఇచ్చాడు, తరువాతి వంశం వచ్చినా ఆ మాట నిలబెట్టింది అని తాతయ్య గాని నాయనమ్మ గాని చెబితే మరచిపోరు. రాబోయే మాఘమాసంలో కుటుంబాలతో ఒక రోజు మోటుపల్లి యాత్ర ఏర్పాటు చేయవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. రాదలచినవారు తమ పేర్లు, వెంట వచ్చే పిల్లల వయస్సులు కార్యదర్శిగారికి ముందుగా తెలియజేయగలరు.